మంత్రి నీళ్ళలోకి దిగిన పొద్దున

ముందు అడుగుల చప్పుడు వినిపించింది. మంచు పట్టిన గచ్చు మీద ఉత్త కాళ్ళతో నడవాల్సి వస్తే ఎవరైనా పరుగెత్తుతారు. ఈ అడుగులు పరుగెత్తలేదు, తీరిగ్గా వచ్చాయి. హెర్దీస్ గడ్డం దాకా వేడినీళ్ళలో మునిగి, తల తొట్టి అంచుకి ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. ఫిబ్రవరి నెల, ఏడు దాటింది, తెల్లవారడానికి ఇంకా రెండు గంటలు పైన పడుతుంది. నీళ్ళ అడుగున దీపాలు వెలుగుతున్నాయి, పైన ఆవిరి. ఐస్‌లాండ్ ఉత్తరాన సముద్రపు పాయ చివర ఉన్న స్వార్తేరి ఊళ్ళో ఆరుబయటి ఈత కొలను తలుపులు తీసిన దగ్గర్నుంచి ఈ తొట్టిలో కూర్చునే మనుషులు మారరు. బడి నుంచి రిటైరైన సోల్‌రున్ టీచరు, పడవ ఇంజన్లు బాగుచేసే లారుస్, జిల్లా పోలీసు అధిపతి హెర్దీస్. ఎవరి మూల వాళ్ళది. నాలుగో మూల ఖాళీగా ఉంటుంది, దాన్ని ఎవరూ ఎవరికీ కేటాయించలేదు. "జరగండర్రా, ఊరివాణ్ణే" అన్న గొంతు వినబడ్డాక హెర్దీస్ కళ్ళు తెరిచింది. ఓద్దుర్. ఆమెతో పాటు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న ఓద్దుర్, ఇప్పుడు దేశానికి న్యాయశాఖ మంత్రి, ఈత నిక్కరులో, పొట్ట కొంచెం ముందుకొచ్చి, చలికి భుజాలు ఎర్రబడి, నాలుగో మూలలోకి దిగుతున్నాడు.

లేచి వెళ్ళిపోవాలి, అనుకుంది. ఆ ఆలోచన వచ్చినంత సేపు కూడా నిలవలేదు. ఒకరు దిగుతుంటే ఇంకొకరు లేచి వెళ్ళడం ఈ తొట్టిలో లేదు. గొడవపడ్డ అన్నదమ్ములు ఇందులో ఎదురెదురుగా కూర్చున్నారు, విడాకులు తీసుకున్నవాళ్ళు కూర్చున్నారు, సమ్మె జరిగినప్పుడు చేపల ఫ్యాక్టరీ యజమానీ యూనియన్ నాయకుడూ కూర్చుని గొర్రెల మేత ధర గురించి మాట్లాడుకున్నారు. లేచి వెళ్ళడమంటే నోటితో అనలేనిది ఒంటితో అనడం. ఇప్పుడు తను లేస్తే లారుస్ అది మధ్యాహ్నానికి రేవంతా చెబుతాడు, హెర్దీస్ మంత్రిని చూసి పారిపోయిందట అని. లేవకపోతే అదీ చెబుతాడు, ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారట అని. లారుస్ చెడ్డవాడు కాదు, చూసింది చెబుతాడు, అంతే. అదే భయం. చూసింది చెప్పేవాడితో ఏం వాదిస్తాం? ఆఫీసులో తన బల్ల మీద సిండ్రి కేసు ఉంది. ఇవాళ సంతకం పెట్టాలి. అభియోగం మోపడమో, కేసు మూసేయడమో. ఈ దేశంలో ఇలాంటి కేసుల్లో ఆ మాట జిల్లా పోలీసు అధిపతిదే. సిండ్రి ఓద్దుర్ అక్క కొడుకు.

"రాజధానిలో వేడినీళ్ళు అయిపోయాయేంటోయ్?" అన్నాడు లారుస్.

"ఉన్నాయి గానీ అక్కడ నన్నెవరూ తిట్టట్లేదు. బెంగగా ఉండి వచ్చాను."

"తిట్టించుకోడానికి ఇంత దూరం విమానం ఎందుకురా, ఫోను చేస్తే చాలుగా" అంది సోల్‌రున్ టీచరు. "మీ అమ్మ ఎనభయ్యో పుట్టినరోజుకి వచ్చావని చెప్పు."

"అందుకే. మూడింటికి కాఫీ. అందరూ రావాలి. హెర్దీస్, నువ్వు కూడా. రొయ్యల కేకు మా అక్క చేస్తోంది, మీ అందరికీ తెలుసుగా ఆవిడ కేకు."

ఆమెకి తెలుసు, రొట్టె పొరల మధ్య రొయ్యలు పెట్టి చేసే ఉప్పు కేకు. ఆ ఇంట్లో ప్రతి పెద్ద పుట్టినరోజుకీ వెళ్ళింది. డెబ్భై అయిదో పుట్టినరోజుకి సిండ్రి పళ్ళేలు అందించాడు, తనకి రెండో ముక్క వద్దన్నా పెట్టాడు. ఊళ్ళో ఎనభై నిండిన మనిషి ఇంటికి కాఫీకి వెళ్ళకపోవడం లేదు. వెళితే సిండ్రి చేతి పళ్ళెంలోంచి తినాలి. అప్పటికి సంతకం అయిపోయి ఉంటుంది, ఏ సంతకమైతే అది. మూసేసి వెళితే కేకు తినడానికి వెళ్ళినట్టు. అభియోగం పెట్టి వెళ్ళడం ఎలా? వెళ్ళకపోతే ఆ ముసలావిడ వాకిట్లోకి చూస్తూ కూర్చుంటుంది, హెర్దీస్ రాలేదేం అంటుంది, ఆవిడకి ఎవరూ సరైన జవాబు చెప్పరు. ఓద్దుర్‌కి ఇవన్నీ తెలుసా? ఓద్దుర్ మంచివాడు. అది ఆమె మనసులో చాలా కాలంగా ఉన్న మాట. ఏడో తరగతిలో మంచు తుఫానులో బడి నుంచి ఇంటికి వెళుతుంటే తన చేతి తొడుగు ఒకటి తీసి ఆమెకిచ్చాడు, ఇద్దరూ చెరో చేయి జేబులో పెట్టుకుని నడిచారు. అయిదేళ్ళ కిందట ఈ ఉద్యోగానికి ఇద్దరు మిగిలితే, కమిటీ ఇద్దరూ సమానమే అని రాస్తే, అప్పటికే మంత్రిగా ఉన్న ఓద్దుర్ ఆమెని వేశాడు. ఎందుకు వేశావని ఆమె అడగలేదు. అడిగి ఉంటే అర్హత చూసి అనేవాడు. అది అబద్ధం కాదు. ఇద్దరికీ అర్హత ఉన్నప్పుడు ఎవరిని వేసినా అర్హత చూసి వేసినట్టే.

ఫోను చేసి ఉంటే బాగుండేది. మంత్రి పోలీసు అధిపతికి ఫోను చేస్తే తేదీ, మాట్లాడిన సంగతి రాసిపెట్టాలని నియమం ఉంది, రెండు వైపులా రాస్తారు. ఓద్దుర్ అయిదేళ్ళలో ఆమెకి ఫోను చేసింది తక్కువ, చేసిన ప్రతిసారీ తనే గుర్తు చేసేవాడు, రాసుకున్నావా అని. నీళ్ళలో ఎవరూ ఏదీ రాసుకోరు. నీళ్ళలో కాగితం ఉండదు, బట్టలు ఉండవు, బిళ్ళలు ఉండవు, దేశాధ్యక్షుణ్ణి కూడా పేరు పెట్టే పిలిచే మనుషులు ఇక్కడికొచ్చాక ఆ పేరు ముందు మిగిలిన కొంచెం గౌరవాన్ని కూడా బట్టల గదిలో చిలక్కొయ్యకి తగిలించి వస్తారు. పోయినేడు డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ నుంచి వచ్చిన డేన్ పోలీసు అధికారులకి ఆమే చెప్పింది ఈ మాట, గర్వంగా. మా దగ్గర అధికారం ఎక్కువ పెరగదు, వారానికి ఏడు రోజులు నీళ్ళలో నానబెడతాం అని. వాళ్ళు నవ్వారు. ఒక డేన్ మాత్రం, గడ్డం వాడు, అడిగాడు. మరి నీళ్ళలో మాట్లాడుకున్నవి ఎక్కడ రాస్తారు? రాయం, ఇక్కడ ఆఫీసు మాటలు మాట్లాడకూడదు, అదే మా నియమం, అంది. నిజమే. ఈ తొట్టిలో ఒక్కటే నియమం. ఎవరైనా పదవి మాట, పని మాట ఎత్తితే లారుస్ "కాఫీ!" అని అరుస్తాడు. అన్నవాళ్ళు బయటికెక్కి, మంచులో నడిచి వెళ్ళి, గోడ దగ్గర బల్ల మీది ఫ్లాస్కులోంచి అందరికీ కాఫీ పోసి తేవాలి. ఆ డేన్‌కి ఆ సంగతి చెబితే ఇంకా నవ్వాడు. ఇంకేదో అడగబోయి ఊరుకున్నాడు. ఏం అడగబోయాడో ఇప్పుడు తెలుస్తోంది.

గాలి వీచి ఆవిరి పక్కకి జరిగింది. అవతల లోతులేని కొలనులో బొజేనా నడుస్తోంది. ఇనప కడ్డీ పట్టుకుని, నడుము దాకా నీళ్ళలో, ఒక్కో అడుగు. గట్టు మీద ఆమె భర్త విటోల్డ్, కోటు వేసుకుని, బూట్ల మీద నీలం రంగు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని, ఆమెతో పాటు నడుస్తున్నాడు. ఆమె ఆగితే ఆగుతున్నాడు. ఇద్దరూ పోలాండ్ నుంచి వచ్చినవాళ్ళు, చేపల ఫ్యాక్టరీలో పని. నవంబరు చివర, సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి చీకటి పడిపోయింది, పని దిగి నడిచి ఇంటికెళుతున్న బొజేనాని చర్చి మలుపు దగ్గర సిండ్రి జీపు గుద్దింది. తుంటి ఎముక, తొడ ఎముక. రెండు నెలలు ఆసుపత్రిలో. ఇక కత్తి పట్టుకుని ఎనిమిది గంటలు నిలబడే పని చెయ్యలేదని డాక్టరు రాసిచ్చాడు. పొద్దున్న స్నానాల గదిలో హెర్దీస్ ఆమె పక్కనే ఉంది. నీళ్ళలోకి దిగేముందు అందరూ బట్టల్లేకుండా సబ్బుతో కడుక్కోవాలి, గోడ మీద బొమ్మ వేసి ఎక్కడెక్కడ రుద్దుకోవాలో రాసి ఉంటుంది. బొజేనా ఒక చేత్తో గోడ పట్టుకుని నిలబడింది, తుంటి నుంచి మోకాలి దాకా కుట్ల గీత. సబ్బు జారి కింద పడింది. వంగలేకపోయింది ఆమె. హెర్దీస్ వంగి తీసి ఇచ్చింది. చెయ్యి కూడా పట్టుకుంది, తలుపు దాకా. అది ఎవరూ చూడలేదు. చూసి ఉంటే? కేసులో దెబ్బ తిన్న మనిషి చెయ్యి పట్టుకుని పోలీసు అధిపతి నడిపించింది అని సిండ్రి వకీలు అంటే? కానీ సబ్బు కింద పడితే తియ్యకుండా ఎలా ఉంటారు? ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు తొట్టిలోకి దిగితే లేచి ఎలా వెళతారు?

నిన్న సాయంత్రానికే తేలిపోయింది. కేసు మూసెయ్యాలి. డిటెక్టివ్ ఎగ్గెర్ట్, నలభై మాటల పనిని నాలుగు మాటల్లో చెప్పే మనిషి, ఫైలు బల్ల మీద పెట్టి, "నిలబడదు హెర్దీస్" అన్నాడు. రోడ్డు మీద ఐసు, బ్రేకు గుర్తులు దొరకలేదు, వేగం లెక్కకట్టలేమని రాజధాని నుంచి వచ్చిన నిపుణుడు రాశాడు. సిండ్రి ఫోనులో మాట్లాడాడు, కానీ మలుపు తిరిగేముందే ఫోను ఆగిపోయింది. మలుపు దగ్గర దీపం రెండు వారాలుగా వెలగట్లేదు, మునిసిపాలిటీది తప్పు. బొజేనా కోటు నలుపు, మెరిసే పట్టీ లేదు. బొజేనాకి గుర్తున్నది ఒక్క వెలుగు మాత్రం. కుర్రాడు దిగి తన కోటు తీసి ఆమె మీద కప్పాడు, అంబులెన్సు వచ్చేదాకా రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కోర్టులో గెలుస్తామన్న నమ్మకం లేని కేసు పెట్టకూడదని చట్టం. పెట్టకూడదు. అంతే. నిన్న అంతే అనుకుంది. రాత్రి అన్నం దగ్గర ఒక ఆట ఆడింది తనతో తనే. పేర్లు మార్చింది. జీపులో విటోల్డ్, రోడ్డు మీద ఓద్దుర్ అక్క. అదే ఐసు, అదే మలుపు, అదే ఫోను. మూసేస్తావా? మూసేస్తాను, అంది. కానీ ఆ జవాబు వెంటనే రాలేదు. అసలు పేర్లతో ఠక్కున వచ్చింది, మార్చిన పేర్లతో ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యం ఏమిటి? ఎగ్గెర్ట్ "నిలబడదు" అన్నప్పుడు తన గుండెలోంచి ఏదో దిగినట్టయింది, అది న్యాయం తేలినందుకా, అక్కర్లేని గొడవ తప్పినందుకా? చేపని కోసి చూసినట్టు ఆ క్షణాన్ని కోసి చూడగలిగితే బాగుండు. లోపల రెండూ ఒకే రంగులో ఉంటాయేమో.

"ఆగస్టుకి నీ అయిదేళ్ళు అయిపోతాయి కదూ" అన్నాడు ఓద్దుర్. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు, తడి చెయ్యి, స్నేహితుడి చెయ్యి. "ఈ నెలాఖర్లోగా ఆ పోస్టుకి ప్రకటన వెయ్యాలా అని మావాళ్ళు అడిగారు. ప్రకటన దేనికి, హెర్దీస్ ఉందిగా అన్నాను. ఇంకో అయిదేళ్ళు మమ్మల్ని భరించు."

"కాఫీ!" అని అరిచాడు లారుస్.

సోల్‌రున్ టీచరు చప్పట్లు కొట్టింది. "పదరా. మంత్రులైతే మాకేంటి."

"తప్పయింది, తప్పయింది" అంటూ ఓద్దుర్ లేచాడు. నీళ్ళు కారుతూ, ఒంటి మీంచి పొగలు లేస్తూ గచ్చు మీద గెంతుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళాడు. కాగితపు కప్పులు నాలుగు. లోతులేని కొలనులో నడిచేవాళ్ళు, వరుసల్లో ఈదేవాళ్ళు, తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డవాళ్ళు అందరూ చూశారు. ఒకళ్ళిద్దరు చెయ్యి ఊపారు. మంత్రి రెండు చేతుల్లో రెండేసి కప్పులు పట్టుకుని వచ్చాడు, వంగి మొదటి కప్పు హెర్దీస్‌కి ఇచ్చాడు. ఆమె తీసుకుంది. చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది, ఇన్నేళ్ళుగా వెళ్ళినట్టే. ఒక గుక్క తాగాక తల తిప్పింది. గట్టు మీద విటోల్డ్ ఆగి ఉన్నాడు. బొజేనా కూడా ఆగింది. విటోల్డ్ ఈ తొట్టి వైపే చూస్తున్నాడు. కోపంగా కాదు. కొత్త ఊరి పద్ధతి తెలుసుకుంటున్నవాడు చూసినట్టు.

హెర్దీస్ నాన్న కూడా ఇలాగే అందరూ చూస్తుండగా నిలబడ్డాడు ఒకసారి. ఇదే ఊరు, కొలను వెనకాల ఉన్న ఫుట్‌బాల్ మైదానం, జూలై నెల, చీకటి పడని సాయంత్రం. నాన్న సహకార సంఘం దుకాణం నడిపేవాడు, ఆదివారాలు ఆటకి రిఫరీ. అన్న కేటిల్‌కి పద్నాలుగేళ్ళు. గోలు ముందు అవతలి ఊరి కుర్రాడు వెనకనుంచి కాలు అడ్డం పెట్టాడు, కేటిల్ బోర్లా పడ్డాడు, గడ్డి మీద పెదవి చీలింది. అందరూ చూశారు. నాన్న దగ్గర్లోనే ఉన్నాడు, ఆయనా చూశాడు. ఈల నోట్లో ఉంది. ఊదలేదు. చెయ్యి ఊపి ఆట సాగనిచ్చాడు. అవతలి ఊరి వాళ్ళు మెచ్చుకున్నారు, కొడుకని చూడలేదు, మనిషంటే ఇలా ఉండాలి అన్నారు. ఆ మాట నాన్న బతికున్నంత కాలం ఊళ్ళో అంటూనే ఉన్నారు, అంత్యక్రియల్లో పాస్టరు కూడా అన్నాడు. కేటిల్ ఆ రాత్రి అన్నం తినలేదు. "అది ఫౌలే కదా నాన్నా" అన్నాడు. "ఫౌలే" అన్నాడు నాన్న. "మరి?" అంటే, "నేను ఊదితే ఏమనుకుంటారు?" అన్నాడు. కేటిల్ మళ్ళీ బంతి ముట్టుకోలేదు. ఇప్పుడు అరవై దగ్గర పడింది, సరుకు ఓడ మీద వంటవాడు. పోయిన క్రిస్మస్‌కి తాగి ఫోను చేసి ఆ సంగతే ఎత్తాడు. ఆయన నన్ను అమ్మేసి పేరు కొనుక్కున్నాడు హెర్దీస్, అన్నాడు. ఆమె నాన్న వైపు మాట్లాడింది. ఎప్పుడూ నాన్న వైపే మాట్లాడింది. న్యాయం అనే మాట తలుచుకుంటే ఊదని ఆ ఈలే కళ్ళముందు మెదిలేది. దాన్ని చూసే ఈ ఉద్యోగంలోకి వచ్చిందేమో కూడా.

ఇప్పుడు సిండ్రి మీద అభియోగం పెట్టొచ్చు. అది ఎంత తేలికో ఆమెకి కనబడుతోంది, వేడినీళ్ళు ఒంటికి ఎక్కినట్టు ఎక్కుతోంది. సంతకం పెడితే చాలు, మంత్రి కాఫీ ఇచ్చినా మంత్రి మేనల్లుణ్ణి కోర్టుకి ఎక్కించింది అంటారు. పత్రికలు రాస్తాయి. ఆగస్టులో ఉద్యోగం పోయినా గౌరవం ఉంటుంది, పోకపోయినా ఉంటుంది. విటోల్డ్ వచ్చి చెయ్యి కలుపుతాడు. ఏడాది తర్వాత కోర్టు కేసు కొట్టేస్తుంది, అప్పటికి ఆమె చెయ్యాల్సింది ఆమె చేసినట్టే. ఆ ఏడాదీ ఇరవై అయిదేళ్ళ కుర్రాడు ఊళ్ళో తల ఎత్తుకోలేడు, బొజేనా గెలుస్తాననుకుని ఓడుతుంది. కేటిల్ పెదవి చీలినట్టు ఇద్దరికీ చీలుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. మూసేస్తే? మూసేస్తే అది నిన్నటి సంతకం కాదు. నిన్న అయితే కాగితాల్లో ఉన్నదాని మీద పెట్టిన సంతకం. ఇవాళ కాఫీ తాగి, మరో అయిదేళ్ళు పుచ్చుకుని పెట్టిన సంతకం. అక్షరాలు అవే. ఓద్దుర్ ఏమీ అడగలేదు. సిండ్రి పేరు ఎత్తలేదు. రేపు ఎవరైనా ప్రమాణం చేయించి అడిగితే లారుస్, టీచరు, తను, ముగ్గురూ అదే చెప్పాలి, ఏమీ అడగలేదని. చిలక్కొయ్యకి తగిలించి వచ్చిన అధికారం కనబడదు, అంతే. పోదు. కనబడేటప్పుడైనా దానికి ఎదురు చెప్పొచ్చు. ఆ డేన్ అడగబోయింది ఇదే. నీళ్ళు అందరినీ సమానం చేస్తాయని ఇన్నేళ్ళూ అనుకుంది. విటోల్డ్ గట్టు మీద బూట్లతో నిలబడి ఉన్నాడు. అతన్ని ఈ తొట్టిలోకి ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. తనూ పిలవలేదు.

కేసు పక్క జిల్లాకి పంపాలి. తను చూడకూడదు, అంతకన్నా దారి లేదు. పక్క జిల్లా అధిపతిని వేసిందీ ఓద్దురే. ఆ పక్క జిల్లా అధిపతినీ అంతే. దేశం మొత్తం మీద పోలీసు అధిపతులు తొమ్మిది మంది, తొమ్మిది మందినీ అతనే వేశాడు లేదా కొనసాగించాడు. ఇక్కణ్ణించి తీసి అక్కడ పెట్టడమే, నీళ్ళు ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలో పోసినట్టు. అయినా పంపాలి. ఎందుకు పంపుతోందో రాయాలి. ఏమని? మంత్రి తన తల్లి పుట్టినరోజుకి పిలిచారని? ఓద్దుర్‌కి నిజంగా తెలియకపోతే, సంతకం ఇవాళే అని తెలియకుండా తల్లి కోసం వచ్చి, స్నేహితురాలికి మంచిమాట చెప్పి ఉంటే, తను రాసేది ఒక మంచివాడి మీద మచ్చ. తొడుగు ఇచ్చిన చెయ్యి. తెలుసో తెలియదో అడిగితే తేలుతుంది. ఎక్కడ అడగాలి? ఫోనులో అడిగితే మంత్రిత్వ శాఖ జవాబు చెబుతుంది. మధ్యాహ్నం కేకు దగ్గర అడిగితే తల్లి ముందు అడిగినట్టు. అన్నది ఇక్కడ. అడగాల్సిందీ ఇక్కడే. కప్పు తొట్టి అంచు మీద పెట్టింది. గొంతు తగ్గించలేదు.

"ఓద్దుర్, సిండ్రి కేసు ఇవాళ నా బల్ల మీద ఉందని నీకు తెలుసా?"

"కా..." అని లారుస్ నోరు తెరిచాడు. మిగతా అక్షరం రాలేదు.

నీళ్ళు బుడబుడలాడుతున్నాయి. ఓద్దుర్ కప్పులోకి చూశాడు. నవ్వు మొహం మీద అలాగే ఉంది, తియ్యడం మర్చిపోయినట్టు.

"ఇక్కడ ఆఫీసు మాటలేంటి హెర్దీస్."

"నువ్వు మొదలుపెట్టావు. ఆగస్టు అన్నావు."

"అది వేరు. అది..."

"అడిగిందిగా" అంది సోల్‌రున్ టీచరు. బళ్ళో నల్లబల్ల ముందు నిలబెట్టి అడిగినప్పటి గొంతు. "తెలుసో తెలీదో చెప్పరా. రెండు మాటల్లో ఒకటి."

అబద్ధం చెప్పొచ్చు అతను. చెప్పాలని ఆమె కోరుకుంది, ఒక్క క్షణం, నిజంగా కోరుకుంది. తెలియదు అంటే అంతటితో పోయేది, తను నమ్మేది, నమ్మడానికి ఏళ్ళ అలవాటు ఉంది. ఓద్దుర్ టీచరు మొహం చూశాడు.

"అక్క చెప్పింది" అన్నాడు. తర్వాత, "నేను నిన్ను ఏమీ అడగలేదు హెర్దీస్. ఒక్క మాట అడిగానా? లారుస్, నువ్వు చెప్పు."

లారుస్ నీళ్ళకేసి చూశాడు. "నన్ను కలపకండి బాబూ."

"అడగలేదు" అంది హెర్దీస్. "అందుకే రాయడం కష్టం. కానీ రాస్తాను. ఆ కేసు నేనిక చూడను."

"పిచ్చా నీకు? ఇది రాస్తే ఏమవుతుందో తెలుసా? నాకు కాదు, నీకు. కొలనులో మాట కాగితం మీద పెట్టిన మనిషితో ఈ దేశంలో ఎవరు కూర్చుంటారు?"

అది బెదిరింపు కాదు. ఆమె దాని గురించి ఆలోచించింది, అది అతని బాధ. నిజం కూడా. రేపటి నుంచి తను దిగితే ఎవరూ లేవరు, పద్ధతి కాదు కాబట్టి. మాట మాత్రం ఆగిపోతుంది. గొర్రెల మేత ధర కూడా ఆచితూచి చెబుతారు. మూడో మూలలో ఒక మనిషి కాదు, ఒక ఆఫీసు కూర్చుంటుంది. అయిదేళ్ళు పోయినా బాధ లేదనుకోగలదు. ఈ గంట పోతే? నాన్న పోయాక, భర్త వెళ్ళిపోయాక, చలికాలంలో సూర్యుడు కనబడని వారాల్లో ఆమెకి మిగిలింది ఈ గంట. ఆమె లేచింది. చలి కొట్టింది. ఎవరూ అనకపోయినా గోడ దగ్గరికి నడిచి, మూడు కప్పుల్లో కాఫీ పోసి, తెచ్చి ముగ్గురి దగ్గరా అంచు మీద పెట్టింది. నియమం నియమమే. టీచరు ఆమె చేతిని ఒకసారి నొక్కి వదిలింది. ఓద్దుర్ కప్పు ముట్టుకోలేదు.

బట్టల గది కుడి వైపు. ఆమె ఎడమ వైపు నడిచింది. అరికాళ్ళు గచ్చుకి అంటుకుంటున్నాయి. పోలీసు అధిపతి ఈత దుస్తుల్లో, జుట్టు తడిగా, చేతులు కట్టుకుని, లోతులేని కొలను గట్టు మీద నిలబడింది. విటోల్డ్ టోపీ తీశాడు. ఊరి మొత్తంలో ఆమెని పేరు పెట్టి పిలవనివాడు అతనొక్కడే.

"మేడం."

"పదింటికి ఇద్దరూ ఆఫీసుకి రండి. కేసు గురించి చెప్పాలి."

"ఇక్కడే చెప్పండి మేడం" అన్నాడు విటోల్డ్. "ఇక్కడే కదా మీరంతా మాట్లాడుకుంటారు."

ఎత్తిపొడుపేమోనని చూసింది. మొహంలో లేదు. అతను తను చూసిందే అన్నాడు.

"ఈ కేసు నేను చూడను" అంది. "ఇవాళ పక్క జిల్లాకి పంపుతున్నాను. మంత్రీ నేనూ పొద్దున్నే ఒక తొట్టిలో కూర్చున్నామని, ఆయన నా ఉద్యోగం మాట ఎత్తారని, కాఫీ ఇచ్చారని, నేను తాగానని రాసి పంపుతాను. ఒక కాపీ మీకు ఇస్తాను."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"నెలలు పట్టొచ్చు."

విటోల్డ్ తల ఊపాడు. ఎదురుచూడటం కొత్త కాదన్నట్టు. నీళ్ళలో బొజేనా కడ్డీ పట్టుకుని పైకి చూస్తోంది. ఆమెకి భాష కొద్దిగా వచ్చు, మాటల్ని ఒక్కొక్కటే ఏరి పెట్టింది.

"పొద్దున్న సబ్బు ఇచ్చారు. అప్పుడు మీకు తెలుసా? ఏం రాస్తారో?"

"అది నేను చెప్పకూడదు."

"మంచిదా, చెడ్డదా?"

"చెప్పకూడదు బొజేనా. చెబితే ఆ కొత్తాయన చూడటానికి ఏం మిగలదు."

బొజేనా ఆవిరి అవతల నలుగురు కూర్చునే తొట్టి వైపు గడ్డంతో చూపించింది. అక్కడ ఇద్దరే కూర్చుని ఉన్నారు. ఓద్దుర్ బయటికెక్కుతున్నాడు.

"ఆ ఊళ్ళో? ఆ కొత్త ఆఫీసరు ఊళ్ళో? అది ఉందా?"

"ఉంది" అంది హెర్దీస్. "అన్ని ఊళ్ళలోనూ ఉంటుంది. కాఫీ కూడా ఇస్తారు."

బొజేనా కడ్డీ మీద చేతులు మార్చుకుని, తిరిగి, మళ్ళీ నడక మొదలుపెట్టింది. ఒక అడుగు. ఆగి ఇంకో అడుగు. హెర్దీస్‌కి నీళ్ళలోకి దిగి ఆ చివర దాకా పక్కన నడవాలనిపించింది, పొద్దున్న స్నానాల గదిలో నడిచినట్టు. పాదం ముందుకి జరిగింది కూడా. వెనక్కి తీసుకుంది. అందరూ చూస్తున్నారు.